మొగులయ్యకు చెప్పాల్సిన సినిమా

13 జులై 1974, శనివారం

"ఏడో అలమర" పూర్తి చేశాను. చేశాను అనడం కంటే భరించాను అనడం న్యాయం. నూట ఎనభై పేజీలు ధారాపాతంగా వాన కురిపించి, నలుగురిని చంపించి, చివరికి హంతకుడు ఆఫీసు గుమాస్తా అని తేల్చాడు రచయిత. ముప్ఫై ఏళ్ళుగా గుమాస్తాగిరీ చేస్తున్నవాణ్ణి చెబుతున్నాను, గుమాస్తాకి నలుగురిని చంపేంత తీరిక ఉండదు. ఒకణ్ణి చంపేసరికే రిజిస్టరు మూసే వేళవుతుంది.

ఇలాంటివి బయట అంటే పొగరు అంటారు. అందుకే ఈ నోటుపుస్తకం. చూసిన సినిమా, చదివిన పుస్తకం, నచ్చిందీ నచ్చనిదీ ఇందులోనే. నా చదువు అయిదో క్లాసుతో సరి. మిగిలినదంతా భీమవరంలో మా మేనమామ కిరాణా కొట్లో, పొట్లాల మీద. పాత పుస్తకాలు తూకానికి వచ్చేవి. కాగితం చింపి జీలకర్ర కట్టేలోగా అటూ ఇటూ చదివేసేవాణ్ణి. అలా ఎన్ని నవలలు చదివానో! ఒక్కదానికీ ముగింపు లేదు. ముగింపు ఎప్పుడూ ఎవరింటికో మెంతులతో వెళ్ళిపోయేది. పొయ్యి దగ్గర కూర్చుని నేనే ఒకటి కట్టుకునేవాణ్ణి. ఆ రోగం ఇప్పటికీ పోలేదు. ఇనుము కరిగించి పోతపోసే మా ఫ్యాక్టరీలో మధ్యాహ్నం గంట కొట్టాక, నేను హాజరు రాసే టైమాఫీసు కిటికీ దగ్గర నలుగురు చేరతారు. నేను చూసిన సినిమా వాళ్ళకి చెబుతాను. నచ్చని చోట మార్చి చెబుతాను.

అందరిలోకీ శ్రద్ధగా వినేవాడు మొగులయ్య. మోల్డింగులో తడి ఇసుకతో అచ్చులు కట్టే మనిషి. పటాన్‌చెరు పక్క ఊరే. విన్నదంతా ఇంటికి మోసుకెళ్ళి భార్య సోమమ్మకి చెబుతాడట. మొన్నామధ్య వచ్చి నా మీద ఫిర్యాదు చేశాడు.

"రాజుగారు, గా సినిమ నేను సంగారెడ్డికి పోయి సూసొచ్చిన. మీరు చెప్పినట్టు లేదు."

"మరి ఎలా ఉంది?"

"ఖరాబుంది. మీరు చెప్పిందే మంచిగుండె. పైసల్ దండుగ."

ముప్ఫై ఏళ్ళలో నాకు దొరికిన సన్మానం ఇదొక్కటే.

రేపు "రెండు ముఖాల రంగడు" సంగారెడ్డికి వస్తోంది. మా ఆవిడ హైమావతి తమ్ముడు బాపిరాజుకి మొదటి ఆదివారమే చూడాలని పట్టు. కానీ రేపు వాడికి ఫర్నేసు దగ్గర రెండో షిఫ్టు. మొగులయ్యకి ఆదివారం సెలవు. ఇలాంటి బదిలీలు మా దగ్గర మామూలే. గేటు దగ్గర బోర్డుకి అందరి ఇత్తడి బిళ్ళలు నంబర్ల వారీగా మేకులకి వేలాడుతుంటాయి. వచ్చినవాడు తన బిళ్ళ తీసి పెట్టెలో వేస్తే హాజరు. ఎవడి బిళ్ళ ఎవడు వేశాడో ఆదివారం నాడు చూసే నాథుడు లేడు. రాతపూర్వకంగా అడిగితే పై అధికారి ఒప్పుకోడు, అడక్కపోతే పట్టించుకోడు.

"బాపిరాజుకు బదులు నేను జేస్త," అన్నాడు మొగులయ్య. "గని సోమారం సినిమ మొత్తం చెప్పాలె. పాటలు గూడ ఇడువొద్దు."

"పాడమంటావా?"

"వద్దు వద్దు! గేటుకాడి కుక్కలన్ని జమైతయ్. మాటలల్ల చెప్పుండ్రి, సాలు."

"సరే. నీ బిళ్ళ, అరవై మూడు, ముట్టుకోకు. వాడి నలభై ఒకటి పెట్టెలో వెయ్యి. మిగతాది నేను చూసుకుంటాను."

14 జులై, ఆదివారం

బాపిరాజూ నేనూ సినిమా చూశాం. బాగుంది. హాస్యగాడు ఊరగాయ జాడీలో దాక్కునే చోట కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వాను.

మిగతాది ఇప్పుడు రాయను. రేపు రాస్తాను.

16 జులై, మంగళవారం

నిన్న రాయలేదు.

"రెండు ముఖాల రంగడు" గురించి. కవల అన్నదమ్ములు. ఒకడు రౌడీ రంగడు, ఒకడు బడిపంతులు రాఘవ. రంగడికి జైలు పడుతుంది, ఇంట్లో తల్లికి జబ్బు. తల్లి రంగణ్ణే కలవరిస్తుంది. తమ్ముడు అన్న బట్టలు వేసుకుని జైల్లోకి వెళతాడు, అన్న బయటికి వస్తాడు. జైలరు గుర్తుపట్టడు. ఇదేం చోద్యం అని పక్కవాళ్ళు అన్నారు. నేను అనను. జైలరు లెక్కపెట్టేది తలలు, ముఖాలు కాదు. ఆ మాత్రం నమ్మొచ్చు. ఫొటోగ్రఫీ బాగుంది. తల్లి వేషం వేసినామె దగ్గు అతిగా ఉంది.

జరిగింది కూడా రాసుకోవాలి, లేకపోతే తరవాత తేదీలు తారుమారవుతాయి. ఆదివారం రాత్రి ఎనిమిదికి పటాన్‌చెరులో బస్సు దిగేసరికి బొంబాయి రోడ్డు పొడుగునా జనం. ఫర్నేసు చిమ్మింది. వారం రోజుల వానకి పెరట్లో తుక్కు ఇనుము తడిసి ఉంది. తడి ముక్క కరిగిన ఇనుములో పడితే లోపలి నీరు ఆవిరై బాంబులా పేలుతుంది. బాపిరాజు అయితే ప్రతి ముక్కా ముందు ఫర్నేసు పక్కన రేకు మీద పేర్చి, ఆవిరి ఆగేదాకా చూసి గానీ లోపల వెయ్యడు. మొగులయ్య మోల్డింగు మనిషి. మోల్డింగువాడికి తడి అంటే భయం ఉండదు. తడి లేకపోతే వాడి ఇసుక నిలబడదు. ఇరవై ఏళ్ళుగా తడిని నమ్ముకుని బతికినవాడు.

మొగులయ్య అక్కడికక్కడే పోయాడు. ఆ షిఫ్టులో ఫర్నేసు దగ్గర ఉన్న రెండోవాడు చిన్నరాములు. ఒళ్ళంతా కాలి, పట్నం ఆసుపత్రిలో మాట లేకుండా ఉన్నాడు.

నిన్న పొద్దున మేనేజరు నా రిజిస్టరు అడిగాడు. డ్యూటీలో ఉన్నది నలభై ఒకటి, బాపిరాజు. బోర్డు మీద వేలాడుతున్నది అరవై మూడు, మొగులయ్య. మరి బాపిరాజు ఏడీ అన్నాడు. "టీ తాగడానికి బయటికెళ్ళానండి, అందుకే బతికాను," అన్నాడు మావాడు. ఎవరు నేర్పారో ఆ మాట, వాడి నోట్లోంచి అలా వచ్చేసింది. నన్ను కాగితం రాయమన్నారు. బిళ్ళలు ఎలా ఉన్నాయో అలా రాశాను. ఒక్క అబద్ధం లేదు. నలభై ఒకటి పెట్టెలో ఉంది, అరవై మూడు మేకుకి ఉంది. అంతే రాసి సంతకం పెట్టాను.

19 జులై, శుక్రవారం

వారపత్రికలో హైమావతి చదివే సీరియల్ నేనూ చదివాను. కథానాయిక పదకొండో వారం కూడా ఏడుస్తూనే ఉంది. పన్నెండో వారం మెట్ల మీద నుంచి పడుతుందని నా అంచనా. నచ్చలేదు.

బాపిరాజు మా ఇంట్లోనే ఉంటున్నాడు. తన గదికి వెళ్ళనంటాడు. అన్నం ముందు కూర్చుని కలిపింది కలుపుతూనే ఉంటాడు.

"నేనుంటే రేకు మీద ఆరబెట్టేవాణ్ణి బావా," అన్నాడు. ఇవాళ ఇది మూడోసారి.

"తిను ముందు," అంది హైమావతి. వాడు చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళగానే నా వైపు తిరిగింది. "వాడికి పర్మనెంటు అయ్యి నాలుగు నెలలండీ. మీకు అక్టోబర్లో రిటైర్మెంటు. దొంగ బిళ్ళ అని తెలిస్తే ఇద్దర్నీ గెంటేస్తారు. నేనేమీ అనట్లేదు, గుర్తుచేస్తున్నాను."

"నేనూ ఏమీ అనట్లేదు."

"ఆ ముఖం అంటోంది."

ముఖాలు ఎవరూ చూడరని మొన్ననే రాసుకున్నాను. హైమావతి సంగతి మరిచిపోయాను.

21 జులై, ఆదివారం

మళ్ళీ ఆ సినిమాకే వెళ్ళాను. ఒక్కణ్ణే. ఇంట్లో లైబ్రరీకని చెప్పాను.

బాగున్న సినిమా రెండుసార్లు చూడడం నాకు అలవాటే. అందులో వింతేమీ లేదు. అదే బెంచీ, దాదాపు అదే చోటు దొరికింది. వాచీ విప్పి అరచేతిలో పట్టుకున్నాను. మ్యాట్నీ మూడింటికి. న్యూస్‌రీలు, ప్రకటనలు పోగా అసలు బొమ్మ మూడూ పదహారుకి మొదలైంది. పోయిన వారం కూడా అంతే అయ్యుండాలి. ఆపరేటరు అదే, రీళ్ళు అవే.

ఫ్యాక్టరీ సైరను మోగింది నాలుగూ పదికి. ఆ సంగతి గేటు పుస్తకంలో నా కింది గుమాస్తా చేతిరాతలో ఉంది.

మూడూ నలభైకి తల్లికి దగ్గు మొదలు. మూడూ యాభై అయిదుకి తోటలో పాట. నాలుగూ అయిదుకి పోలీసులు ఇంటి మీద పడడం. తెర వెలుగులో వాచీ చూస్తుంటే వెనకనుంచి ఎవడో "ఏం పెద్దమనిషి, బస్సుందా?" అన్నాడు.

నాలుగూ పదికి హాస్యగాడు జాడీలో దూరాడు. తల బయట, మూత తల మీద, మీసాలకి కారం. హాలంతా గొల్లుమంది.

ఇవాళ కూడా నాకు నవ్వొచ్చింది. ఎంత ఆపుకున్నా వచ్చింది. ఆ నటుడు అంత సమర్థుడు.

విశ్రాంతికి ముందే లేచి వచ్చేశాను.

24 జులై, బుధవారం

ఏమీ చదవలేదు.

27 జులై, శనివారం

సంగారెడ్డి లైబ్రరీ నుంచి తెచ్చిన "లోపలి గది తాళం" సగంలో ఆపాను. ఒక జమీందారు పాతికేళ్ళ క్రితం చేసిన తప్పు ఒప్పుకోవాలనుకుంటాడు. ఒప్పుకోవడానికి ఎనభై పేజీలు పట్టింది. మధ్యలో నదులు, మబ్బులు, కోకిలలు. ఒప్పుకునేవాడికి కోకిలలతో పనేమిటి? నోరు తెరిచి చెప్పాలి, లేదా మూసుకోవాలి. ఆయన రెండూ చెయ్యడు. చదువుతుంటే విసుగు పుట్టి మంచం మీదికి విసిరేశాను.

ఇవాళ నోటీసు బోర్డుకి కాగితం అంటించారు. దాని గురించి అభిప్రాయం రాయకూడదు గానీ రాస్తున్నాను. భాష బాగుంది. పొల్లు మాట లేదు. సెలవులో ఉన్న మొగులయ్య, నంబరు 63, అనుమతి లేకుండా షెడ్డులో ప్రవేశించాడు. తుక్కు ఇనుము దొంగిలించే ఉద్దేశంతో వచ్చినట్టు అనుమానం. ప్రమాదానికి కంపెనీ బాధ్యత లేదు. అతని కుటుంబానికి ఉద్యోగం గానీ మరే సహాయం గానీ వర్తించదు. టైమాఫీసు రిజిస్టరు దీనికి ఆధారం.

నా రిజిస్టరు ఆధారం. నేను దొంగ అని ఎక్కడా రాయలేదు. ముగింపు మాత్రం వాళ్ళు కట్టుకున్నారు.

చుట్టూ చేరినవాళ్ళలో ఒకడు "ఇరవై ఏండ్ల సంది ఇసుక దప్ప ఏం ముట్టుకోలె పాపం," అన్నాడు. "ఎవలికెరుక?" అన్నాడు ఇంకొకడు. మొన్నమొన్నటిదాకా వీళ్ళిద్దరూ మొగులయ్య డబ్బాలోంచి రొట్టె తుంపుకుని తిన్నవాళ్ళే. నన్ను కథ చెప్పమని ఎవరూ అడగలేదు. పదమూడు రోజులుగా కిటికీ దగ్గరికి ఎవరూ రావడం లేదు.

2 ఆగస్టు, శుక్రవారం

చిన్నరాములు పోయాడు. చివరిదాకా మాట రాలేదు.

3 ఆగస్టు, శనివారం

"ఇక తెలిసినవాళ్ళెవరూ లేరు," అంది హైమావతి. కూర తరుగుతోంది. తల ఎత్తలేదు.

సోమమ్మ లేబరు ఆఫీసులో అర్జీ పెట్టుకుందట. పన్నెండో తారీఖు సోమవారం అధికారి ఫ్యాక్టరీకే వచ్చి విచారిస్తాడు. రిజిస్టరుతో నేను, సాక్షిగా బాపిరాజు హాజరు కావాలి.

ఏమీ చదవలేదు. "ఏడో అలమర" చివరి అధ్యాయం మాత్రం మళ్ళీ తిరగేశాను. గుమాస్తా ఎక్కడ దొరికిపోయాడో చూద్దామని. రచయిత అది సరిగ్గా రాయలేదు. వాడంతట వాడే వచ్చి కూర్చున్నట్టు రాశాడు. అప్పుడు నమ్మశక్యంగా లేదనుకున్నాను.

4 ఆగస్టు, ఆదివారం

ఇవాళ్టిది వివరంగా రాయాలి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బాపిరాజు లోపలి గదిలో మంచం మీద పడుకున్నాడు. హైమావతి వంటింట్లో ఉంది. నేను వసారాలో పాత పత్రిక తిరగేస్తున్నాను. గేటు తీసుకుని ఒకామె వచ్చింది. ఎప్పుడూ చూడలేదు గానీ చూడగానే తెలిసింది.

"రాజుగారు, నేను మొగులయ్య పెండ్లాన్ని."

"తెలుసమ్మా. కుర్చీలో కూర్చో."

"గీడ్నే కూసుంట." మెట్టు మీద కూర్చుంది. "మీతోని పనుండి వచ్చిన."

సాక్ష్యం సంగతే అనుకున్నాను. రిజిస్టరు, నిబంధనలు, నా చేతిలో ఏమీ లేదనే మాటలన్నీ నాలుక మీదికి తెచ్చి పెట్టుకున్నాను.

"సినిమ చెప్పుండ్రి," అంది.

నాకు అర్థం కాలేదు.

"గా దినం డూటీకి పోంగ చెప్పిపోయిండు. సోమారం రాజుగారు సినిమ చెప్తడు, ఇంటికొచ్చి నీకు చెప్త అన్నడు. ఎన్ని సినిమలో గట్లనే ఇన్న. నేనెన్నడు టాకీసు మొకం సూడలె. గిదొక్కటి ఆగిపాయె." కొంగుతో మెట్టు మీది దుమ్ము తుడుస్తూ మాట్లాడింది. "అందరు దొంగతనానికి పోయిండు అంటున్రు. కాదయ్యా, సినిమ కొరకు పోయిండు అంటున్న. నవ్వుతున్రు."

"అంటే నీకు..."

"నాకన్ని ఎరుకే. ముందు సినిమ చెప్పుండ్రి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలె. మీరు మంచిగజేసి చెప్తరంట. గట్ల వద్దు."

జీవితంలో ఎన్ని కథలు చెప్పానో. ఆ మెట్టు ముందు గొంతు సరిచేసుకోవడానికి పట్టినంతసేపు ఎప్పుడూ పట్టలేదు. కవలల పుట్టుక నుంచి మొదలుపెట్టాను. ఆమె కళ్ళు మూసుకుని వింది. మధ్యలో అడిగే ప్రశ్నలు మొగులయ్య అడిగేవే. "తల్లికి ఏం బీమారి?" అంది. "వాళ్ళయ్య ఏడి?" అంది. ఆ తండ్రి ఎక్కడున్నాడో సినిమా తీసినవాళ్ళూ చెప్పలేదు. వేరేప్పుడైతే నేనే ఒక తండ్రిని పుట్టించేవాణ్ణి. "చెప్పలేదమ్మా," అన్నాను.

పాటల దగ్గర కూడా ఆగి, తోటలో ఏయే పూలున్నాయో చెప్పాను. పోలీసులు వచ్చేదాకా చెప్పి ఆగిపోయాను.

"గాడ ఏమైతది?"

"ఒకడు ఊరగాయ జాడీలో దాక్కుంటాడు. నవ్వొస్తుంది."

"ఎవలకు?"

"నాకు వచ్చింది."

ఆమె కళ్ళు తెరిచింది. "గప్పుడు యాళ్ళ ఎంత?"

నాకు తెలియదని చెప్పొచ్చు. సినిమా హాల్లో వాచీ ఎవడు చూస్తాడని అనొచ్చు.

"నాలుగూ పది," అన్నాను.

కొంగుతో మెట్టు ఇంకోసారి తుడిచింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"మీ పక్కపొంటి ఎవలు కూసున్నరు?"

లోపలి గదిలో మంచం కిర్రుమంది. వాడు లేచి కూర్చున్నాడు, నాకు తెలుసు. నేను పత్రిక మడతపెట్టాను. మడత సరిగ్గా రాలేదు, విప్పి మళ్ళీ పెట్టాను.

"బాపిరాజు," అన్నాను.

"ఆఁ," అంది సోమమ్మ. నేను ఏదో చిన్న విషయం ఒప్పుకున్నట్టు. "ఇగ చెప్పుండ్రి."

చెప్పాను. జైల్లోకి తమ్ముడు వెళ్ళడం, అన్న బయటికి రావడం, జైలరు గుర్తుపట్టకపోవడం. ఆ ముక్క చెబుతుంటే నా గొంతు విని నాకే అసహ్యమేసింది. ఇలా ఎక్కడైనా జరుగుతుందా, ఎంత చవకబారు ఊహ! మొదటిసారి ఏం చూసి నమ్మాను? చివర్లో జైలు అంటుకుంటుంది. పంతులు మంటల్లో చిక్కుకుంటాడు. రంగడు గోడ దూకి లోపలికి పోయి తమ్ముణ్ణి భుజాన వేసుకుని వస్తాడు. తల్లి కళ్ళు తెరుస్తుంది.

అక్కడ మార్చాలనిపించింది. అయినా ఉన్నదే చెప్పాను.

"ఇద్దరు బతికిన్రా?" అంది.

"ఇద్దరూ బతికారమ్మా."

కొంగు దులుపుకుని లేచింది. "మంచిగుంది సినిమ," అంది. "ఆయినకు నచ్చుతుండె."

గేటు దాకా వెళ్ళి ఆగింది. "రాజుగారు, పక్కపొంటి కూసున్న మనిషి పేరు వచ్చే సోమారం గూడ చెప్తరా?"

నేను పత్రిక మళ్ళీ విప్పాను. ఆమె గేటు వేసి వెళ్ళిపోయింది.

5 ఆగస్టు, సోమవారం

హైమావతి మాట్లాడడం లేదు.

8 ఆగస్టు, గురువారం

మాట్లాడింది.

"ఆవిడ అడిగింది, మీరు చెప్పేశారు. అంత కథలు కట్టే మనిషి, ఒక్క పేరు మార్చలేకపోయారా?"

"ఉన్నది ఉన్నట్టు చెప్పమంది."

"నేను కూడా అడుగుతున్నాను. వాడు నా తమ్ముడు. మా అమ్మ పోతూ నా చేతిలో పెట్టింది. పోయినవాడు ఎలాగూ రాడు."

"దొంగ అంటున్నారు హైమా."

"వాణ్ణి అంటున్నారు. రేపటినుంచి వీణ్ణి హంతకుడంటారు. ఆంధ్రావాళ్ళు సినిమాకి పోయి మావాణ్ణి చంపారంటారు. అప్పుడు ఈ ఊళ్ళో మనం ఉండగలమా? అయిదేళ్ళ క్రితం తెలంగాణ గొడవల్లో తలుపులు బిగించుకుని కూర్చున్నాం, మరిచిపోయారా?"

మరిచిపోలేదు. ఆ గొడవల్లో రెండు రోజులు మాకు పాలచెంబు తెచ్చి పెరటిగోడ మీద పెట్టినవాడు మొగులయ్య. ఆ మాట ఆమెతో అనలేదు. ఆమెకూ గుర్తుందని ఆ ముఖం చెప్పింది.

బాపిరాజు సాయంత్రం నా పక్కన కూర్చున్నాడు. "బావా, టీకి వెళ్ళాననే చెబుతాను. నువ్వు రిజిస్టరు చూపించు చాలు. నువ్వు అబద్ధం ఆడక్కర్లేదు." నాకు బాధ లేకుండా చూడాలని వాడి తాపత్రయం. చిన్నప్పుడు కూడా అంతే, తన అరిసె విరిచి పెద్ద ముక్క నాకిచ్చేవాడు.

11 ఆగస్టు, ఆదివారం

"లోపలి గది తాళం" మిగతా సగం చదివాను. ఆ ఎనభై పేజీల గురించి పోయిన నెల రాసింది తప్పు. ఎనభై తక్కువే.

12 ఆగస్టు, సోమవారం

మేనేజరు గదిలో జరిగింది. అధికారి పొట్టి మనిషి, మూడు కలాలు జేబులో. సోమమ్మ గోడవారగా నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు. మొదట బాపిరాజు. టీకి వెళ్ళాను అన్నాడు, పాఠం అప్పజెప్పినట్టు. తరవాత నన్ను పిలిచారు.

"రిజిస్టరు చూపించండి."

చూపించాను.

"జులై పద్నాలుగు, రెండో షిఫ్టు. నలభై ఒకటి హాజరు. సరేనా?"

"బిళ్ళ హాజరు," అన్నాను. "మనిషి సినిమాలో ఉన్నాడండి."

మేనేజరు "రాజుగారూ" అన్నాడు మెల్లగా. అధికారి కలం మార్చాడు. "ఏ సినిమా? మీకెలా తెలుసు?"

అప్పుడు అలవాటు కొద్దీ నేను వాన దగ్గర్నుంచి మొదలుపెట్టబోయాను. ఆ వారమంతా ఎలా కురిసిందో, బోర్డు మీద బిళ్ళలు ఎలా చిలుము పడతాయో. సోమమ్మ నా వైపు చూసింది. ఆమె మెట్టు మీద అన్న మాట గుర్తొచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలె.

"అతని పక్కన కూర్చున్నది నేను. మొగులయ్య బదులు రావడానికి ఒప్పుకున్నది నేను. నలభై ఒకటి పెట్టెలో వెయ్యమని చెప్పింది నేను. అతను దొంగతనానికి రాలేదు, డ్యూటీకి వచ్చాడు. ఫర్నేసు పని తెలియని మనిషిని ఫర్నేసు మీదికి పంపాం. పదిహేనో తారీఖు నేను రాసినది చెల్లదు."

ఆరు వాక్యాలు. నా జన్మలో ఇంత చిన్న కథ చెప్పలేదు.

అధికారి నాచేతే జులై పద్నాలుగు గడిలో నలభై ఒకటి కొట్టించి, అరవై మూడు రాయించి, సంతకం పెట్టించుకున్నాడు. బాపిరాజు నా వైపు చూడలేదు. కిటికీలోంచి పెరట్లో తుక్కు కుప్ప వైపు చూస్తున్నాడు. దాని మీద ఇప్పుడు టార్పాలిను కప్పారు. సోమమ్మ చేతులు జోడించలేదు. అధికారి చూపించిన చోట వేలిముద్ర వేసి, ఆ వేలు గోడకి తుడుచుకుని వెళ్ళిపోయింది.

మమ్మల్ని ఇద్దర్నీ రేపటినుంచి రావద్దన్నారు. అక్టోబరు దాకా ఆగలేదు. ఇంటికి వచ్చేసరికి హైమావతి పెట్టె సర్దింది. సాయంత్రం బస్సుకి తమ్ముణ్ణి తీసుకుని భీమవరం వెళ్ళిపోయింది. ఎప్పుడు వస్తావని అడిగాను. "వారపత్రికలు కట్ట కట్టి మూలన పెట్టాను, చదువుకోండి," అంది.

టైమాఫీసు తాళాలు అప్పగించడానికి అయిదింటికి మళ్ళీ వెళ్ళాను. షిఫ్టు లోపలే ఉంది, గేటు దగ్గర ఎవరూ లేరు. బోర్డు మీద అరవై మూడు ఇంకా వేలాడుతోంది. నెల రోజులుగా ఎవరూ ముట్టుకోక పచ్చగా మైల పట్టింది. జేబురుమాలుతో తుడిచి మేకు మీద నుంచి తీశాను. పెట్టెలో వేశాను. లోపలున్న బిళ్ళల మీద టంగుమని పడింది.

ఆలస్యంగా వచ్చినవాడి పేరు ఎదురుగా ఎర్ర సిరాతో గీత పెట్టడం ముప్ఫై ఏళ్ళుగా నా పని. అతనికి పెట్టలేదు.